సుఆద్ సంతకం

అన్నయ్య మెట్లు దిగుతున్న చప్పుడు వింటూ కౌసర్ తలుపు దగ్గరే నిలబడిపోయింది. అరవైకి దగ్గర పడ్డ మనిషి, మోకాళ్ల నొప్పులు. ఎప్పుడూ రెండో అంతస్తు దగ్గర ఆగి, గోడకి చెయ్యి ఆనించి ఊపిరి తీసుకునేవాడు. ఇవాళ ఆగలేదు.

కింద వీధి తలుపు ధడాలున పడింది.

వెనక్కి తిరిగితే కూతురు షైమా టీ గ్లాసులు తీస్తోంది. మామయ్య గ్లాసు నిండుగా అలాగే ఉంది.

"చూశావా ఏం చేశావో," అంది కౌసర్.

"కాగితాలు ఒకసారి లాయరుకి చూపిద్దామన్నాను. అంతేగా."

"అంతేనా? ఫాతిహా చదివేసిన బేరం అది. ఇప్పుడు లాయరంటే, మా అన్నయ్య మాట మీద నమ్మకం లేదని ఊరంతా చెప్పినట్టు కాదూ?"

షైమా గ్లాసులు వంటింట్లోకి పట్టుకెళ్లింది.

బేరం ఆదివారం నాడే కుదిరింది. కాఫీ హోటల్లో అన్నయ్య హాజీ బస్యూనీ, ఇల్లు అమ్మే లుత్ఫీ మాస్టారు చేతులు కలుపుకుని, అరచేతులు తెరిచి ఖురాన్ మొదటి అధ్యాయం ఫాతిహా చదువుకున్నారు. మన్సూరా గింజల బజారులో అంతకంటే గట్టి కాగితం లేదు. ఆ తర్వాత వెనక్కి తగ్గినవాడు మళ్లీ ఆ హోటల్లో కుర్చీ లాక్కుని కూర్చోలేడు. శుక్రవారం నమాజు కాగానే అగ్రిమెంటు మీద సంతకాలు, డబ్బు చేతికివ్వడం. లుత్ఫీ మాస్టారి మేడలో నాలుగో అంతస్తు. రెండు గదులు, పొద్దుటి ఎండ పడే వంటిల్లు.

ఇప్పుడున్న అద్దె ఇల్లు నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఇంటాయన కొడుకు పెళ్లి. కౌసర్ చేతిలో ఉన్నది భర్త పోయినప్పుడు నూలు మిల్లు వాళ్లిచ్చిన డబ్బు, గాజులు అమ్మగా వచ్చినది. ఇది పోతే ఇంకోటి లేదు. ఈ సంగతి షైమాకీ తెలుసు, అన్నయ్యకీ తెలుసు. ఇద్దరి పోట్లాటా దాని కోసమే.

ఇందాక అన్నయ్య నెమ్మదిగానే మొదలుపెట్టాడు. కోర్టు పనంతా లుత్ఫీ తరఫు లాయరే చూసుకుంటాడన్నాడు. మూడో అంతస్తు కొన్నవాళ్లకీ అలాగే తీర్పు కాగితం తెప్పించాడనీ, ప్రభుత్వ గద్ద ముద్రతో సహా వచ్చిన ఆ కాగితాన్ని వాళ్లు అద్దం కట్టించి గోడకి తగిలించుకున్నారనీ చెప్పి, దాని నకలు కూడా జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. మనకీ అలాంటిదే వస్తుంది, కోర్టు ముద్ర కంటే ఏం కావాలన్నాడు. అప్పుడే షైమా, కోర్టు ఎదురుగా జిరాక్సు కొట్టులో పనిచేసే పిల్ల కదా, అక్కడికొచ్చే ఓ లాయరమ్మ పేరు ఎత్తింది.

అన్నయ్య లేచి నిలబడ్డాడు. "లాయరు కావాలో, నేను కావాలో మీ అమ్మని తేల్చుకోమను," అన్నాడు. కౌసర్ ఎదురుగానే ఉంది. ఆ మాట మాత్రం ఆమెతో అనలేదు, పిల్లతో అన్నాడు.

తల్లీ కూతుళ్లిద్దరూ వంటింటి నేల మీద కూర్చున్నారు. సాయంత్రానికి బ్యాంకు ఉద్యోగినులకి ఆరు కిలోల వంకాయలు తొలిచి ఇవ్వాలి. ఆ అమ్మాయిలకి ఇంటికెళ్లి వాటిలో బియ్యం కూరి పొయ్యి మీద పెట్టడమే పని. తొలవడం, తరగడం, ద్రాక్షాకులు చుట్టడం కౌసర్ వంతు. పదకొండేళ్లుగా ఇల్లు నడిచింది దాని మీదే.

తొలిచిన గుజ్జు బేసిన్‌లో పడుతోంది.

"కిలో వంకాయలు కొంటే ఒక్కొక్కటీ తొడిమ తిప్పి చూస్తావు," అంది షైమా తల ఎత్తకుండా. "ఇల్లు మాత్రం కళ్లు మూసుకుని కొంటావు."

"వంకాయలమ్మేవాడు మా అన్నయ్య కాదు."

"ఇల్లు అమ్మేది కూడా మామయ్య కాదమ్మా. లుత్ఫీ మాస్టారు."

కౌసర్ చేతిలో వంకాయ చిల్లు పడింది. అది పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంది. భర్త పోయిన రోజున ఈ గుమ్మంలోకి ముందు వచ్చిన మనిషి అన్నయ్య. షైమా ఫీజులు కట్టిన మనిషి అన్నయ్య. ఏ పండక్కీ ఖాళీ చేతుల్తో రాడు. బాతు, బియ్యం, నెయ్యి, పిల్లకి బట్టలు. వీధిలో ఎవడైనా ఒక మాట అనడానికి జంకితే అది ఆయన ఉన్నాడనే. అలాంటి మనిషిని కాదని ముక్కూ ముఖం తెలియని లాయరు దగ్గరికి వెళ్లడమంటే మాటలా?

మిగతా వంకాయలన్నీ అయిపోయాయి. కౌసర్ చేతులు కడుక్కుంది. బల్ల మీద తీర్పు కాగితం నకలు అలాగే ఉంది. దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఆ లాయరమ్మ ఆఫీసుకి ఎన్నింటికి వస్తుంది?" అంది.

*

మాజిదా లాయరు ఆఫీసు చెరకురసం కొట్టు పైన ఉంది. మెట్లన్నీ తియ్యటి వాసన. లాయరమ్మకి అరవై ఏళ్లుంటాయి. బూట్లు విప్పి ప్లాస్టిక్ చెప్పులు వేసుకుని కూర్చుంది. పొద్దుటి నుంచి కోర్టు మెట్లెక్కి దిగి కాళ్లు వాచిపోయాయనీ, ఏమీ అనుకోవద్దనీ ముందే చెప్పేసింది. కౌసర్‌కి ఆ చెప్పులు చూసి కొంచెం ధైర్యం వచ్చింది.

లాయరమ్మ నకలు కాగితం ఒకసారి చదివి బల్ల మీద పెట్టింది.

"ఇందులో ఏముందో తెలుసా, ఉమ్ షైమా?" అంది, అందరూ పిలిచినట్టే షైమా తల్లీ అని.

"ఇల్లు కొన్నవాళ్లదేనని."

"కాదు. సంతకం లుత్ఫీదేనని." ఆమె వేలు కాగితం మీద ఆనించింది. "కోర్టు తేల్చేది ఆ ఒక్క ముక్కే. ఈ సంతకం నీదేనా అంటారు, అవునంటాడు, ముద్ర వేస్తారు. ఇల్లు నీదేనా అని ఎవరూ అడగరు. రేపు నేను వెళ్లి నది మీద వంతెన అమ్మేసి సంతకం నాదేనని ఒప్పుకుంటే నాకూ ఇదే ముద్ర పడుతుంది."

షైమా నవ్వు ఆపుకుంది. కౌసర్‌కి నవ్వు రాలేదు.

"మరి మూడో అంతస్తు వాళ్లు అద్దం కట్టించుకున్నారే."

"అద్దం బాగానే ఉంటుంది లెండి."

తర్వాత లాయరమ్మ ఒక్కొక్క ప్రశ్నా అడిగింది. మేడ లుత్ఫీ కట్టించాడా? లేదు, వాళ్ల నాన్న కట్టించాడు. నాన్న ఉన్నాడా? పోయి ఎనిమిదేళ్లయింది. తల్లి? అంతకు ముందే పోయింది. వారసుల పేర్లు కోర్టులో రాయించిన కాగితం చూశారా? అలాంటిదొకటి ఉంటుందని కౌసర్ వినలేదు. పిల్లలెంతమంది?

"లుత్ఫీ మాస్టారు. ఒక చెల్లెలు, సుఆద్. దమియెత్తాలో ఇచ్చారు."

లాయరమ్మ కలం కింద పెట్టింది. "ఆవిడ సంతకం పెడుతోందా?"

"ఆవిడ తన వాటా అడగదండీ."

ఆలోచించకుండానే వచ్చేసింది ఆ మాట. లాయరమ్మ కౌసర్ ముఖంలోకి చూసింది. కోపంగా కాదు, ఏదో గుర్తుపట్టినట్టు.

"అడగదని మీకెలా తెలుసు?"

కౌసర్ దగ్గర జవాబు ఉంది. కానీ అది పరాయి మనిషి ముందు, కూతురి ముందు చెప్పేది కాదు.

నాన్న పోయిన నలభయ్యో రోజు. పల్లెలో ఇంటినిండా చుట్టాలు. రెండున్నర ఫెద్దాన్ల వరి పొలం, అన్నా చెల్లెలూ ఇద్దరే. అన్నయ్య అందరి ముందూ అన్నాడు, నీ హక్కు నా మెడ మీద ఉంది కౌసర్, ఎప్పుడు కావాలంటే అప్పుడు చెప్పు అని. మన మధ్య లెక్కలేమిటి అన్నయ్యా అంది తను. మేనత్తలు కళ్లు తుడుచుకున్నారు. బంగారం లాంటి పిల్ల అన్నారు. అక్కడితో ఆ సంగతి అయిపోయింది. ఆ పొలం అమ్మి అన్నయ్య బజారులో గోనెల కొట్టు పెట్టినప్పుడు కూడా ఎవరూ ఆమె సంతకం అడగలేదు. భర్త ఒక్కసారి కదిపితే రెండు రోజులు అతనితో మాట్లాడలేదు కౌసర్. పంతొమ్మిదేళ్లయింది.

సుఆద్‌ని పండగలప్పుడు ఆ మేడలో చూసింది. సొంత నాన్న కట్టించిన ఇంట్లో సోఫా అంచున, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. బస్సుకి టైమైపోయినట్టు.

"లుత్ఫీ దొంగ అని నేననను," అంటోంది లాయరమ్మ. "మంచివాడే కావచ్చు. నాకు ఎక్కువ కేసులు మంచివాళ్ల మీదే వస్తాయి. దొంగ దగ్గర అందరూ ముందే జాగ్రత్తపడతారు. ఆ చెల్లెలు రేపు అడగకపోవచ్చు, ఎల్లుండి ఆవిడ పోతే పిల్లలు అడుగుతారు. కొడుక్కి రెండు వంతులు, కూతురికి ఒకటి. అంటే మూడో వంతు వాళ్లది. అప్పుడు మీరు తొలిచిన వంకాయలన్నీ, షైమా చెప్పింది లెండి, వాళ్లకి పెట్టాల్సి వస్తుంది."

ఒక్క వారం కావాలంది. వారసుల కాగితం తీస్తుంది, స్థలం ఎవరి పేర ఉందో రిజిస్ట్రీలో చూస్తుంది, సుఆద్‌తో మాట్లాడుతుంది. సుఆద్ వచ్చి సంతకం పెట్టినా సరే, అన్నకి అధికార పత్రం రాసిచ్చినా సరే, కొనుక్కోవచ్చు. అప్పటిదాకా ఎవరికీ పైసా ఇవ్వొద్దు. ఫీజు సంగతి కూడా దాచకుండా చెప్పింది, తప్పేమీ దొరకకపోయినా తిరిగివ్వనని కూడా చెప్పింది.

రేపు చెబుతానంది కౌసర్.

*

మర్నాడు, గురువారం మధ్యాహ్నం కౌసర్ బజారుకి వెళ్లింది. గోనెల కొట్టులో అన్నయ్య ఒక్కడే లేడు. లుత్ఫీ మాస్టారు కూడా ఉన్నాడు. ఆమెని చూడగానే మాస్టారు లేచి, జేబురుమాలుతో కుర్చీ తుడిచి ఆమె వైపు జరిపాడు. ఆయన మర్యాదకి ఎప్పుడూ లోటుండదు. ముప్ఫై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పిన మనిషి.

"వచ్చావా. కూర్చో," అన్నాడు హాజీ బస్యూనీ. ముఖం విప్పారింది. చెల్లెలు పశ్చాత్తాపపడి వచ్చిందనుకున్నాడు. పిల్ల చిన్నది, చదువుకున్న పిల్లలకి నోరు ముందుంటుంది, తను అప్పుడే మర్చిపోయానన్నాడు. వంటింటికి రంగు ఏది బావుంటుందో మాస్టారూ తనూ మాట్లాడుకుంటున్నామన్నాడు. తెలుపైతే మసి కనిపిస్తుందట.

కౌసర్ కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"మాస్టారూ, సుఆద్ ఎప్పుడొస్తోంది?"

"పండక్కి. ఎందుకూ?"

"రేపు రమ్మనండి. మీ పక్కన తనూ ఒక సంతకం పెడితే బావుంటుంది."

బయట ఎవరో ఉల్లి బస్తాలు దించుతున్నారు. ఒకటి, రెండు, మూడు బస్తాలు నేలకి పడిన చప్పుడు.

లుత్ఫీ మాస్టారికి కోపం రాలేదు. నొచ్చుకున్నాడు. కాగితాల వ్యవహారాల్లోకి ఆడపిల్లనెందుకు లాగడమన్నాడు. చెల్లెలు తనకి తలమీద కిరీటమన్నాడు. ఏ పండక్కీ తను ఉత్త చేతుల్తో దమియెత్తా వెళ్లలేదు, ఆమె మొగుడు జబ్బుపడితే ఆస్పత్రి ఖర్చు పెట్టింది తనే.

"ఇన్నేళ్లలో నన్ను ఒక్క మాట అడగలేదు ఉమ్ షైమా. ఒక్క మాట."

"అడగలేదా, అక్కర్లేదందా?"

"కౌసర్," అన్నాడు అన్నయ్య.

మాస్టారు జేబురుమాలు నాలుగు మడతలు పెట్టాడు. తను ఫాతిహా చదివింది హాజీతో, కాబట్టి రేపు నమాజు అయ్యేదాకా తన మాట మాటే అన్నాడు. ఆ తర్వాత మాత్రం ఇంకొకరు అడుగుతున్నారు, సౌదీ నుంచి వచ్చినవాళ్లు, వాళ్లు ఇలాంటివేవీ అడగడం లేదు. ఇద్దరికీ సలాం చెప్పి, కౌసర్ పక్కనుంచి ఆమె ముసుగు అంచు తగలకుండా జాగ్రత్తగా తప్పుకుని వెళ్లిపోయాడు.

అన్నయ్య నేల మీద పడి ఉన్న ఖాళీ గోనె తీసి మడతపెట్టాడు. మళ్లీ విప్పాడు. మళ్లీ మడతపెట్టాడు.

"లాయరు చెప్పిందా అలా అనమని?"

"లాయరమ్మ సంతకం ఉందా అనే అడిగింది. మిగతాది నేనే అన్నాను."

"వెళ్లావన్నమాట."

"వెళ్లాను."

అరుస్తాడనుకుంది. అరిస్తే బావుండేది. అరిస్తే ఏడవచ్చు, ఏడిస్తే ఆయన కరుగుతాడు. చిన్నప్పటి నుంచీ వాళ్లిద్దరికీ తెలిసిన దారి అది. అన్నయ్య అరవలేదు. గోనెల దొంతర మీద కూర్చుని మోకాలు నిమురుకున్నాడు.

"మంచి మనిషిని నా కొట్టులో నిలబెట్టి దొంగని చేశావు."

"దొంగ అనలేదన్నయ్యా. నేను ఆ మేడలో కాపురం ఉండాలి. పండక్కి సుఆద్ వస్తుంది. మెట్ల మీద నాకు ఎదురవుతుంది. ఆమెకి తెలియకుండా ఆమె ఇంట్లో పొయ్యి వెలిగించుకుని, ఏమని పలకరించను?"

"ఆమెకి వాళ్లన్న తక్కువేం చెయ్యలేదు. విన్నావుగా. పండగ పండక్కీ ఏదో ఒకటి తీసుకెళ్తాడు."

"విన్నాను."

"నేనూ తెస్తాను."

"తెస్తావు. ఏనాడూ తక్కువ చెయ్యలేదు నువ్వు."

అది నిజం. కొట్టు చుట్టూ చూసింది. గోడ ఎత్తున గోనెలు, తాళ్ల చుట్టలు, తూకపు రాళ్లు, మూలనున్న నాన్న చెక్క పెట్టె. ఈ కొట్టులోకి ఎన్నిసార్లు వచ్చిందో. నాన్న పెట్టె తప్ప ఇక్కడ ఉన్నదేదీ తనదిగా ఆమెకి ఎన్నడూ తోచలేదు.

ఎక్కువసేపు నిలబడితే ధైర్యం జారిపోతుందని తెలిసి, గబగబా చెప్పేసింది. సాయంత్రం లాయరమ్మ దగ్గరికి వెళ్తున్నాననీ, ఆమెని పెట్టుకుంటున్నాననీ, రేపు డబ్బు ఇవ్వననీ చెప్పింది. వారం ఆగమని మాస్టారికి అన్నయ్యే ఒక మాట చెబితే వింటాడంది. చెప్పడం ఇష్టం లేకపోతే వద్దంది.

"సౌదీ వాళ్లు కొనుక్కుంటారు," అన్నాడు.

"కొనుక్కోనీ."

"నెలాఖరుకి ఎక్కడికి పోతావు?"

"తెలీదు." నిజంగానే తెలీదు. "నీ మీద కోపంతో చేస్తున్నది కాదన్నయ్యా ఇది."

కౌసర్ సంచి భుజాన వేసుకుని గడప దాకా వచ్చింది. ఎండ కళ్లలో పడింది. ఒక కాలు బయట పెట్టింది.

"కౌసర్."

ఆగింది.

"లాయరుని పెట్టుకుంటున్నానన్నావు." అన్నయ్య గొంతులో కోపం లేదు. నాన్న మంచం పక్కన కూర్చుని డాక్టరుని అడిగినప్పుడు ఉండిందే, ఆ గొంతు. "దేనికి? ఇంటికా, పొలానికా?"

ఆయన అనేదాకా ఆ రెండూ ఒకే మాటలో పడతాయని ఆమె అనుకోలేదు. కౌసర్ వెనక్కి తిరిగింది. అన్నయ్య గోనెల మీద అలాగే కూర్చుని ఉన్నాడు, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, తీర్పు వినడానికి వచ్చినవాడిలా.

ఇంటికే అన్నయ్యా, మన మధ్య లెక్కలేమిటి అనడానికి నోరు తెరిచింది. పంతొమ్మిదేళ్లుగా ఎప్పుడు అడిగినా సిద్ధంగా ఉన్న జవాబు అది. ఇవాళ నోరు తెరుచుకునే ఉంది, మాట రాలేదు.